వీరకథలు - పాత్రపోషణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగపాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో దూరదర్శన ధారావాహికలను గూర్చిన ప్రసంగమా యని కొందరికి వింతగా తోపవచ్చును. పుస్తకమునకు పోటీగా వచ్చిన పెట్టెను పుస్తకముల నడుమ కూర్చుండబెట్టి గౌరవించుట యేల యని పెద్దలు ప్రశ్నింపవచ్చును. కాని పిల్లవాని మనస్సు దేనియందు లగ్నమైనదో యెరుగక వానిని గ్రంథాలయపు గడప యెక్కించుట దుస్సాధ్యము. కావున ఆ యాకర్షణమునకు మూలమేమో ముందుగా విచారింపవలసియున్నది.

1988 అక్టోబరు 2వ తేదీన బి. ఆర్. చోప్రా గారి మహాభారతము దూరదర్శనమున ప్రారంభమై, 94 భాగములుగా 1990 జూన్ వరకు సాగినది. హిందీ మాట యొక్కటియు రానివారు సైతము, కథ యెరిగినవారగుటచే, ఆదివారము నాడు పెట్టె యున్న యింట చేరి కదలక చూచెడివారు. అందు భీష్ముడుగా నటించిన ముకేశ్ ఖన్నాయే 1997లో శక్తిమాన్ అను నద్భుతవీరుడై పిల్లల ముందునకు వచ్చెను. ఆ ధారావాహిక 2005 వరకు నడచినది. అమెరికాలో 1938లో బొమ్మల పత్రికయందు పుట్టిన సూపర్‌మాన్ అను వీరుని యౌవనకథను స్మాల్‌విల్ అను పేర 2001 మొదలు 2011 వరకు ప్రసారము చేసిరి.

ఇన్నేండ్లు ప్రేక్షకులను కట్టివేసిన దేమి? ఆకాశమున నెగురుట, బండలను పిండిచేయుట యను వింత మొదటి వారముతోనే పాతబడును. వీరుడు గెలుచునని యెల్లరు నెరిగినదే. స్మాల్‌విల్ కథలో నాయకుని స్నేహితుడైన లెక్స్ లూథర్ కడకు శత్రువగునని చూచువారికి ముందే తెలియును. తెలిసియు చూతురు. ఏ యనుమానముతో ఆ స్నేహమునకు బీట వారినది, ఏ యబద్ధముతో పగిలినది యని చూతురు. బలమును చూచుటకు ఒక పూట చాలును. మనుష్యుడు మారుట చూచుటకు ఏండ్లు పట్టును. దీర్ఘకథల యాకర్షణమంతయు ఇందే యున్నది.

ఈ రహస్యము పల్నాటికి క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున జరిగిన పల్నాటి యుద్ధమును స్మరించుచు, కారంపూడిలో నాగులేటి యొడ్డున కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు వీరారాధనోత్సవము జరుగుట మాచవరము వారికి చెప్పనక్కరలేదు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరవిద్యావంతులు పంబ మ్రోయుచుండ వీరుల గాథను పాడుదురు. ఓరుగల్లు వీధులలో ఈ గాథను పాడుచుండుట క్రీడాభిరామమున వర్ణింపబడినది. కథ ముగింపు తెలియనివాడు ఆ జనములో నుండడు. అయినను ఈనాటి కథ విన్నవాడు మరునాటి కథకై మరల వచ్చును.

వచ్చుటకు కారణము పాత్రలే. బాలచంద్రుడు కథలోనికి వచ్చునప్పుడు బొంగరములాడు బాలుడు. తండ్రి బ్రహ్మనాయుడు వానికి యుద్ధవార్త తెలియనీయలేదు. బొంగరము తగిలి గాయపడిన యొక స్త్రీ కోపముతో నాడిన మాట వలన, పెద్దలు రణమునకు పోయిరని వానికి తెలియును. అదివరకు సాని వలపులో పడి భార్య మాంచాలను విస్మరించినవాడు, సెలవు కొనుటకు ఆమె యింటికి పోవును. ఆమె నిష్ఠూరములాడుటకు మారుగా వీరధర్మమును గుర్తుచేసి సాగనంపును. వెంటవచ్చు ప్రాణమిత్రుడు అనపోతును బ్రహ్మహత్యాదోష భీతిచే వెనుక విడువగా, ఆ మిత్రుడు ప్రాణములు తీసికొనును. కొలది రాత్రుల గానములో బొంగరపు పిల్లవాడు గుండెలో బరువు మోయు పురుషుడగును.

నాగమ్మను కేవల దుష్టపాత్రగా తలచుట పొరపాటు. పల్లెలో పుట్టిన స్త్రీ యొకతె ఆ కాలమున మంత్రిపదవి నధిష్ఠించి, గురజాల రాజ్యమును నడపినది. ఆమె తెలివి యెంతటిదో బ్రహ్మనాయుని ధర్మసంకట మంతటిది. పల్నాటి యుద్ధము 1947లో చలనచిత్రమైనపుడు కన్నాంబయు, 1966లో మరల తీసినపుడు భానుమతియు ఆ పాత్రను ధరించుటయే దాని బలమునకు నిదర్శనము.

బ్రహ్మనాయుని కథ మరియు గంభీరమైనది. మాల కులమున పుట్టిన కన్నమదాసును ఆదరించి సేనానిని చేసినవాడు, అన్ని కులముల వారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించినవాడు ఆయన. కోడిపోరున నోడి మాచర్ల వారితో ప్రవాసము పోయెను. గడువు తీరిన పిదప రాజ్యభాగ మడుగుటకు అలరాజును రాయబారిగా పంపెను. అలరాజు నలగామరాజునకు అల్లుడు. అయినను చర్లగుడిపాడున విషప్రయోగమునకు బలియయ్యెను. అటుపిమ్మట కారంపూడి నేల రక్తసిక్తమయ్యెను. కొడుకు పోయెను. కడకు గెలిచిన బ్రహ్మనాయుడు ఓడిన నలగామునికే రాజ్యమప్పగించి, గుత్తికొండ బిలము చేరెనని గాథ చెప్పుచున్నది.

ఇచ్చట నొక మాట నిష్కర్షగా చెప్పవలసియున్నది. పల్నాటి పౌరుషమను పేర ఈ సీమలో కక్షలు పెరిగిన దినములు కలవు. ఆ కక్షలకు కొడుకులను పోగొట్టుకొన్న తల్లులును కలరు. కథను సగము విని లేచిపోయిన శ్రోతకు కత్తి మాత్రమే కనబడును; పగ తీర్చుకొనుటయే వీరత్వమని తోచును. కల్లిపాడు వీరులు నేలకొరిగిన నాటి స్మరణము. ఆ ఐదవనాటి దాక కూర్చున్నవానికే, గెలిచినవాడు రాజ్యము విడిచి యేల పోయెనో బోధపడును. దూరదర్శన వీరకథల విషయమును ఇంతియే. పోరాటపు తునకలను మాత్రమే చూచు బాలుడు గ్రుద్దుట నేర్చును. కథనంతను చూచువాడు ఆ గ్రుద్దునకు చెల్లింపవలసిన వెలను నేర్చును.

గ్రంథాలయ ధర్మము ఇచ్చటనే తేలుచున్నది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర ద్విపదను అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో ప్రకటించిరి. జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు సముద్రములు దాటివచ్చి, 1974లో పల్నాటి గాయకుని నోట ఈ గాథను ధ్వనిముద్రణము చేసికొని, 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. అంత దూరపువాడు చేసిన పని ఈ యూరివారికి అసాధ్యము కాదు. పెద్దల నోట మిగిలిన గాథలను చేతిలోని ఫోనులతోనే ముద్రించి, వ్రాసి, ఈ బీరువాలలో భద్రపరుపవచ్చును. ఉత్సవపు ఐదు రాత్రులకు ముందు, ఐదు సాయంకాలములు ఇచ్చట కథాపఠనము జరుపవచ్చును.

పిల్లలు పెట్టె ముందు కూర్చున్నందుకు తల్లిదండ్రులు కోపింప పనిలేదు. ఈ వారము వీరుడెవరిని కొట్టెనని యడుగక, ఈ వారము వీరుడేమి నేర్చుకొనెనని యడిగిన చాలును. సమాధానము వెదకుకొనుచు ఆ పిల్లలు తామే గ్రంథాలయమునకు వత్తురు. వచ్చునప్పటికి పల్నాటి వీరచరిత్ర బీరువాలో సిద్ధముగా నుండవలెను.