పాఠం వీడియోలో, సందేహం క్లాసులో

ఇంజనీరింగ్ పరీక్షల ముందు హాస్టల్ గదుల్లో వినిపించే గొంతు ఒక్కోసారి ఆ కాలేజీ లెక్చరర్‌ది కాదు, ఏ మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్‌దో అయి ఉంటుంది. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన వీడియో పాఠాల కార్యక్రమం ఎన్‌పీటెల్ చలవ అది. పాఠం ఉచితమే, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. 2017లో ఇలాంటి ఆన్‌లైన్ కోర్సుల కోసం ‘స్వయం’ వేదిక వచ్చింది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం, విద్యాసంస్థ ఒప్పుకుంటే, సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా అందులోనే చదివి క్రెడిట్లు పొందవచ్చు.

వీడియోను ఆపి, వెనక్కి తిప్పి నాలుగుసార్లు వినొచ్చు. క్లాసులో అలా అడిగితే మాస్టారి ముఖం ఎలా మారుతుందో మీకు తెలుసు! కానీ పిల్లవాడు ఎక్కడ తికమకపడ్డాడో కళ్లు చూసి పట్టుకోవడం వీడియోకు చేతకాదు. అందుకే కొందరు అధ్యాపకులు వీడియోను ఇంటి దగ్గరే చూసి రమ్మని, క్లాసు గంటను లెక్కలు చేయించడానికి వాడుతున్నారు. నాకు నచ్చిన పద్ధతి అదే.