మెడ దగ్గర వేసే గొట్టం గుండె సంగతి ఎలా చెబుతుంది?

(ఐ.సి.యు. రోగుల బంధువులకు చేసిన ప్రసంగం)



"సిస్టరమ్మా, మా నాన్నకు మెడలో గొట్టం వేశారేమిటి? గుండెలోకి పోయిందంటున్నారు, నిజమేనా?" అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కువమందికి వేసేది సెంట్రల్ లైన్. అది గుండెకు కాస్త పైన పెద్ద సిరలోనే ఆగుతుంది. కొద్దిమందికి మాత్రం గుండె గదులు దాటి ఊపిరితిత్తుల ధమని దాకా వెళ్ళే గొట్టం వేస్తారు. దాని పేరు స్వాన్-గాంజ్ క్యాథెటర్.

చేతికి పట్టీ కట్టి బి.పి. చూస్తాం కదా, ఇదెందుకు? ఇద్దరు రోగులకు బి.పి. పడిపోయిందనుకోండి. ఒకరికి రక్తం పోయి ఒంట్లో నీరు చాలలేదు. ఇంకొకరికి గుండె నీరసించి వచ్చిన రక్తాన్ని ముందుకు నెట్టలేకపోతోంది. మొదటివారికి సెలైన్ ఎక్కిస్తే కోలుకుంటారు. అదే సెలైన్ రెండోవారికి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముదురుతుంది. పైకి ఇద్దరూ ఒకేలా కనబడతారు. తేడా తెలియక పోయినప్పుడే ఈ గొట్టం అవసరపడుతుంది.

మీటరుకు పైగా పొడవున్న మెత్తని గొట్టం ఇది. కొసన చిన్న బెలూన్ ఉంటుంది, అందులో పట్టే గాలి ఒకటిన్నర మిల్లీలీటరు. మత్తు సూది వేసి మెడ సిరలోంచి పంపి బెలూన్ ఊదితే, కాలువలో వదిలిన కాగితపు పడవలా రక్తప్రవాహమే దాన్ని తీసుకుపోతుంది. గది మారినప్పుడల్లా మానిటరు మీద అల రూపం మారుతుంది, దాన్నిబట్టి డాక్టరుగారు ఎక్కడికి చేరిందో గుర్తిస్తారు. చివర బెలూన్ ఒక చిన్న కొమ్మను క్షణకాలం మూస్తుంది. అక్కడి ఒత్తిడి గుండె ఎడమ భాగం సంగతి చెబుతుంది. మామూలుగా అది 6 నుంచి 12 ఉంటుంది. చూసిన వెంటనే గాలి తీసేస్తాం. కొన్ని మిల్లీలీటర్ల చల్లని సెలైన్ పంపి, నిమిషానికి గుండె ఎన్ని లీటర్ల రక్తం పంపుతోందో కూడా లెక్కకడతారు. విశ్రాంతిలో ఉన్న పెద్దవారికి 4 నుంచి 8 లీటర్లు ఉండాలి.

గుండెలోకి గొట్టం పంపవచ్చని 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే యువ డాక్టరు తన చేతి సిరలోంచి తానే పంపుకొని చూపించారు. పనిముట్లు గెర్డా డిట్జెన్ అనే నర్సు దగ్గరుండేవి. ముందు తన మీద చేయమని ఆమే ఒప్పుకుందట! ఆయనేమో ఆమెను బల్లకు కట్టేసి తన చేతిలోకే ఎక్కించుకున్నారు. 1956లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. బెలూన్ గొట్టాన్ని 1970లో అమెరికాలో స్వాన్, గాంజ్ అనే డాక్టర్లు ప్రకటించారు.

ఇక ప్రమాదాల మాట దాచకూడదు. లోపలికి వెళ్ళేటప్పుడు గుండె లయ తప్పవచ్చు. రక్తస్రావం, ఊపిరితిత్తికి గాయం, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. చాలా అరుదుగా ఊపిరితిత్తుల ధమని చిట్లవచ్చు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా ఐ.సి.యు. రోగుల మీద జరిపి 2005లో ప్రచురించిన పరిశీలనలో, ఇది వేసినవారిలోనూ వేయనివారిలోనూ మరణాల్లో స్పష్టమైన తేడా కనబడలేదు. ఎందుకంటే ఇది కొలిచే సాధనమే, మందు కాదు. అందుకే ఇప్పుడు చాలామందికి ఎకో పరీక్షతో సరిపెట్టుకుంటారు. "పక్క బెడ్డు ఆయనకు వేశారు, మాకెందుకు వేయలేదు?" అని బాధపడకండి. వేయకపోవడం మంచి కబురే కావచ్చు.

సంతకం పెట్టే ముందు రక్తం పలచబడే మందులు వాడుతున్నారేమో చెప్పండి. రబ్బరు గ్లవ్స్, బుడగలు తగిలితే దద్దుర్లు వస్తాయేమో కూడా చెప్పండి, ఎందుకంటే ఆ బెలూన్ రబ్బరుతో చేసినదే. లోపలికొచ్చేటప్పుడు చేతులు కడుక్కోండి. మానిటరు అంకె మారగానే కంగారుపడవద్దు. దగ్గినా, పక్కకు తిప్పినా, మంచం ఎత్తినా మారుతుంది. మంచం కదిపినప్పుడు మేము కొలిచే పరికరాన్ని మళ్ళీ గుండె ఎత్తుకు సరిచేస్తాం, మంచం మీరు కదపకండి. రోగి మగతలో గొట్టం లాగుతుంటే చెయ్యి పట్టుకొని వెంటనే మమ్మల్ని పిలవండి. తీసేసిన తరువాత ఆ చోట కొన్ని నిమిషాలు అదిమి పట్టుకుంటాం. తరువాత రక్తం చెమ్మ కనబడినా, ఆయాసం వచ్చినా, అర్ధరాత్రయినా సరే, నర్సును లేపడానికి మొహమాటపడవద్దు.