కరెంటు బిల్లు ప్లానులోనే తేలిపోతుంది
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనకొక సొంత భవనం ఉండాలనీ, కింద అంగళ్ళు కట్టి బాడుగకిస్తే ఆ రాబడితో నిర్వహణ ఖర్చులు గడుస్తాయనీ చాలాకాలంగా అనుకుంటున్నాం. నిధుల సంగతి పెద్దలు మాట్లాడారు. ఇంజనీరింగు శాఖలో పనిచేసినవాడిగా నేను చెప్పదలచింది ఒక్కటే. భవనం ఖర్చు ఒకసారి పెడతాం. కరెంటు బిల్లు భవనం నిలిచినన్నాళ్ళూ కడతాం. ఆ బిల్లు ఎంత అనేది మీటరు బిగించిననాడు కాదు, ప్లాను గీసిననాడే తేలిపోతుంది. పైగా అక్కడికి వచ్చేది అరవై దాటినవాళ్ళం. వడదెబ్బ ముందుగా తగిలేది మన వయసువాళ్ళకే. మే నెల మధ్యాహ్నం కూర్చోలేని హాలు మనకెందుకు?

ముందు ఎండ సంగతి చూద్దాం. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ 14, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. ఏప్రిల్ చివరలో, మళ్ళీ ఆగస్టు మధ్యలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అందుచేత మనకు అన్నిటికన్నా వేడి తెచ్చేది పైకప్పు. దాని తరువాత పడమటి గోడ. దక్షిణపు ఎండను రెండడుగుల సన్‌షేడ్ ఆపుతుంది. సాయంత్రం వాలి వచ్చే పడమటి ఎండను ఏ సన్‌షేడూ ఆపలేదు.

మన పెద్దలకు ఇది తెలుసు. దూలాలు, దంతెలు పరచి, పైన చవుడు మన్ను మందంగా వేసిన మిద్దెలు కట్టారు. పగటి వేడి ఆ మన్ను దాటి కిందికి దిగేసరికి ప్రొద్దు గూకేది. వెలుతురుకు, వేడిగాలి పైకి పోవడానికి గవాచి పెట్టారు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు మధ్యాహ్నానికే కాగి, రాత్రి పడుకునే వేళకు ఆ వేడిని మన మీదికి దించుతుంది. మళ్ళీ మట్టిమిద్దె వేయమని నేననడం లేదు. స్లాబు మీద మట్టికుండలు బోర్లించి, సున్నపు కాంక్రీటు వేసి, పైన విరిగిన తెల్ల టైల్సు పరిస్తే చాలు. ఖర్చు కొద్దిపాటిదే.

నల్ల కడప బండ మన జిల్లా సొత్తు. లోపల నేలకు దానిని మించింది లేదు, పాదానికి చల్లగా ఉంటుంది. అదే బండను మిద్దె పైనా పడమటి గోడ బయటా పరిస్తే పెనం అవుతుంది. గోడలకు జమ్మలమడుగు వైపు రాయి దొరుకుతుంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం బూడిద ఇటుకలకు పనికివస్తుంది.

ఇక గదుల అమరిక. ఒకే కప్పు కింద అంగళ్ళు, ఆఫీసు, పఠన మందిరం, హాలు ఉంటాయి గనుక, ఏ గది ఏ వేళ పనిచేస్తుందో ముందు కాగితం మీద రాసుకోవాలి. అంగళ్ళు రోడ్డువైపే ఉండక తప్పదు. వాటి ముందు వెడల్పాటి వసారా వేస్తే ఎండ లోపలికి రాదు, బాటసారికీ నీడ దొరుకుతుంది. పఠన మందిరం, ఆఫీసు అంగళ్ళ వెనుక కింది అంతస్తులోనే ఉండాలి. మన మోకాళ్ళ మాట కూడా వినాలి గదా! వాటి నడుమ చిన్న ముంగిలి విడవాలి. ప్రొద్దుటూరు బజారువంటి ఇరుకు వీధుల్లో పక్క గోడకు కిటికీ పెట్టే వీలుండదు, వెలుతురూ గాలీ ఆ ముంగిలి నుండే రావాలి. మెట్లు, స్టోరు గది పడమటికి పెట్టి హాలుకు ఎండ తగలకుండా చేయాలి. నైరుతి బరువుగా ఉండాలనే వాస్తువారికీ దీనితో పేచీ ఉండదు.

సామాను విషయం. పాత ఫ్యాను ఇంచుమించు 75 వాట్లు తింటుంది. ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ముప్పై ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే 13.5 యూనిట్లు మిగులుతాయి. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, ఆ కరెంటుతో ఇటువంటి ఫ్యాన్లు యాభై తిరుగుతాయి.

పది కిలోవాట్ల సౌర పలకలకు సుమారు వెయ్యిన్నూరు చదరపు అడుగుల మిద్దె కావాలి. రోజుకు సగటున 40 యూనిట్లు వస్తాయి. వాటిని ఎత్తుగా బిగిస్తే మిద్దెకు నీడ కూడా అవుతాయి. అంగళ్ళూ ఆఫీసూ పగలే నడుస్తాయి, సూర్యుడిచ్చే కరెంటూ పగలే వస్తుంది. ఇళ్ళకు లేని ఈ సౌకర్యం ఇటువంటి ఉమ్మడి భవనానికి ఉంది. అంగడికొక మీటరు విడిగా ఉండాలి. ఏసీ వేడిగాలిని ముంగిలిలోకి వదలరాదని బాడుగ పత్రంలోనే రాయించుకోవాలి. నీటి సంగతి కూడా మరువరాదు. 200 చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే అది లక్షా ఇరవై వేల లీటర్లు. దానిని మురుగు కాలువకు వదలడమా, తొట్టిలోకి, ఇంకుడు గుంతలోకి మళ్ళించడమా మన చేతిలో ఉంది.

ఇవి పుస్తకాల మాటలు కావు. హైదరాబాదులో సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించారు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది. అందులో ఉన్నవేమిటి? నడుమ ముంగిలి, గాలిని చల్లబరిచే గోపురాలు, కప్పు మీద మన్నూ పచ్చికా, సౌర పలకలు. సగం మన తాతల మిద్దెలో ఉన్నవే!

ఇంధన పొదుపు భవన నియమావళిని కేంద్రం 2007లో తెచ్చింది, మన రాష్ట్రంలో 2014లో అమలుకు పెట్టారు. అది పెద్ద వాణిజ్య భవనాల కోసం. మనంత చిన్న భవనం దాని కిందికి రాదు. కాబట్టి మనల్ని ఏ అధికారీ అడగడు. నెలనెలా బిల్లు మాత్రం అడుగుతుంది.

చివరిగా ఒక మనవి. చందాలు చాలనప్పుడు మొట్టమొదట కోత పడేది కంటికి కనబడని పనులకే. ముందరి అద్దాలూ గ్రానైటూ నిలుస్తాయి, కప్పు మీది కుండలు పోతాయి. పడమటికి తిరిగిన అద్దాల గోడ అందంగానే ఉంటుంది, దాని వెనుక ఏసీ లేకుండా మనిషి కూర్చోలేడు. ముంగిలి, కప్పు, వసారా, ఈ మూడింటికీ కోత పెట్టకూడదని ప్లాను పురపాలక సంఘానికి వెళ్ళకముందే తీర్మానం చేసుకుందాం. కావలసివస్తే పై అంతస్తు రెండేళ్ళు ఆగనీండి. దాతలు తమ పేరు ముఖద్వారానికి బదులు ముంగిలికి ఇస్తే, ఆ నీడన కూర్చున్న ప్రతివాడూ వారిని తలచుకుంటాడు.