క్యాజువాల్టీ గుమ్మంలో ఎవరు ముందు?

(గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాము కరిచినా, పురుగుల మందు తాగినా, ట్రాక్టరు బోల్తా పడినా మన మనిషిని వేసుకుని పరుగెత్తేది పెద్దాసుపత్రి క్యాజువాల్టీకే. ఇప్పుడు దాన్ని ఎమర్జెన్సీ అంటున్నారు. పేరేదైనా గుమ్మం ఒకటే. ఆ గుమ్మంలో ఎవరు ఏ పనికి ఉన్నారో జనానికి ఎవరూ చెప్పరు. దాంతో కనిపించిన ప్రతివాళ్ళనీ బతిమాలుకోవడం, ఎవరూ పలక్కపోతే దగ్గర్లో ఉన్న నర్సు మీద విరుచుకుపడటం జరుగుతోంది. అందుకే ఈ పూట అక్కడ నర్సుల పని ఎట్లా పంచుతారో చెప్పుకుందాం. ఇది ఆసుపత్రివాళ్ళ లోపలి గొడవ కాదు. ఎవరి ప్రాణం ముందు అనే ప్రశ్న.

మొదటి పని గుమ్మం దగ్గరే ఉంది. దాన్ని ట్రయేజ్ అంటారు. ఫ్రెంచి మాట, వేరు చెయ్యడం అని అర్థం. రెండొందల ఏళ్ళ కింద నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జను, దెబ్బ ఎంత ప్రమాదమో చూసి వైద్యం చెయ్యాలిగానీ హోదా చూసి కాదన్నాడు. చక్రవర్తి సైన్యంలోనే హోదా పక్కన పెట్టాలన్నప్పుడు, జనం డబ్బుతో నడిచే ఆసుపత్రిలో సర్పంచి ఫోనుకీ, ఎమ్మెల్యే మనిషికీ ముందు వరస ఎందుకు?

గుమ్మం దగ్గర నర్సు ఏం చూస్తుంది? గాలి పోయే దారి బాగుందా, ఊపిరెట్లా ఉంది, నాడి, బీపీ ఎంత, మనిషి తెలివిలో ఉన్నాడా - ఇవి చూసి నిమిషాల్లో రంగు తేలుస్తుంది. ఎరుపంటే ఈ క్షణమే చూడాలి. పసుపంటే కాస్త ఆగగలడు, ఎక్కువసేపు ఆగలేడు. ఆకుపచ్చంటే ఆగగలడు. అట్లా ఆగినవాళ్ళని మళ్ళీ మళ్ళీ చూడటం కూడా ఆమె పనే. ఎందుకంటే ఆకుపచ్చ కాసేపటికి ఎరుపు కావచ్చు.

కట్లపాము సంగతి మీకు తెలుసు. రాత్రి నేలమీద పడుకున్న కూలీని కరుస్తుంది. నొప్పి, వాపు లేకపోవచ్చు. తెల్లారేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. కాలు విరిగినవాడు ఆసుపత్రి అదిరేటట్టు అరుస్తాడు. ఈ మనిషి మాత్రం నిద్రమత్తులో ఉన్నట్టు గోడకి చేరగిలబడి ఉంటాడు. ముందు చూడాల్సింది ఎవర్ని? గోడ దగ్గరవాణ్ణి. గుమ్మంలో చదువుకున్న నర్సు ఉంటే ఆ వాలిన రెప్ప ఆమె కంట్లో పడుతుంది. ఆమె లేకపోతే అరిచినవాడికీ, పలుకుబడి ఉన్నవాడికీ వంతు దొరుకుతుంది. తరతరాలుగా వెనక నిలబడటమే నేర్పించిన మనుషులు ఆసుపత్రిలో కూడా వెనకే నిలబడతారు. అందుకే ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ముందు పోయేది మన ప్రాణమే.

రెండో పని ఎరుపు గదిలో. గుండె ఆగిన మనిషి వస్తే ఒక్కరు చేసే పని కాదది. ఒకరు రొమ్ము మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు నొక్కాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, లేకుంటే చేతుల్లో సత్తువ తగ్గి నొక్కుడు వృథా అవుతుంది. ఒకరు సంచి పట్టుకుని ఊపిరి అందించాలి. ఒకరు నరం దొరకబట్టి మందు ఎక్కించాలి. ఒకరు ఏ నిమిషంలో ఏమిచ్చారో రాయాలి.

మూడో పని కనిపెట్టుకుని ఉండటం. రక్తపింజర కరిచినవాడి రక్తం కొంచెం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా కారిందంటే విషం ఎక్కినట్టే. విషానికి విరుగుడు మందు ఎక్కేటప్పుడు అది ఒంటికి పడక దద్దుర్లు రావచ్చు, ఊపిరాడకపోవచ్చు. అందుకని అడ్రినలిన్ సూది పక్కనే పెట్టుకుని నర్సు కనిపెట్టుకుని ఉండాలి. పురుగుల మందు తాగినవాడికైతే మందుపడ్డ బట్టలు విప్పించి ఒళ్ళు కడిగించాలి. అట్రోపిన్ ఇస్తూ నాడి, ఊపిరి, నోటి చొంగ మాటిమాటికీ చూడాలి.

నాలుగో పని రాత. ఏ టైముకి వచ్చారు, ఏ స్థితిలో వచ్చారు, డాక్టరు ఎప్పుడు చూశాడు - కొట్లాట కేసులో, అత్యాచారం కేసులో, అట్రాసిటీ కేసులో రేపు కోర్టులో నిలబడేది ఈ కాగితమే. ఎం.ఎల్.సి. రాయాల్సింది డ్యూటీ డాక్టరు. బట్టలు, నమూనాలు పోకుండా భద్రం చెయ్యడంలో నర్సు చెయ్యి ఉంటుంది.

వీళ్ళందరి మీదా షిఫ్టు ఇన్‌చార్జి ఉంటుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ మంచం ఖాళీయో, అత్యవసర మందుల ట్రాలీ నిండుగా ఉందో లేదో ఆమె చూసుకోవాలి. మీరు అడగాల్సిన మనిషి ఆమె. గుర్తు పెట్టుకోండి.

ఇదంతా పుస్తకంలో మాట. మరి చిన్నాసుపత్రుల్లో ఏముంది? రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఈ పనులన్నీ ఒక్క నర్సమ్మ నెత్తిన ఉండే చోట్లు మీకు తెలుసు. వార్డుల్లో బోధనాసుపత్రికి ముగ్గురు రోగులకొకరు, మామూలు ఆసుపత్రికి ఐదుగురికొకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన లెక్క. మీ ఆసుపత్రిలో ఎంతమందికి ఎంతమంది? లెక్కపెట్టి రండి.

ఆ నర్సమ్మ ఎవరు? రక్తం, చీము, మలం ముట్టుకునే పని అని పెద్దకులాలు చాలాకాలం తమ ఆడపిల్లల్ని ఈ చదువుకి పంపలేదు. మిషన్ ఆసుపత్రుల్లో మన ఇళ్ళ పిల్లలు చదివి ఆ పని ఎత్తుకున్నారు. ఇవాళ ఎంతోమంది కాంట్రాక్టు జీతానికి చేస్తున్నారు. స్ట్రెచర్ తోసేవాళ్ళు, నేలమీద నెత్తురు తుడిచేవాళ్ళు ఏ వాడనుంచి వచ్చారో చెప్పనక్కర్లేదు. మంచం మీదా మనమే, మంచం పక్కనా మనమే. మనల్ని మనమే కొట్టుకుంటే ఖాళీలు నింపని ప్రభుత్వం హాయిగా ఉంటుంది.

చట్టం ఏమంటోంది? పోలీసు కాగితం వచ్చేదాకా ఆగకూడదు, ప్రాణం కాపాడటమే ముందని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బెంగాల్లో హకీం షేక్ అనే కూలీ 1992లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, సర్కారీ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదని పంపేశాయి. ఆయన సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, కోర్టుకెక్కింది. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుని కాలరాయడమేనని 1996లో తీర్పొచ్చింది. ఇరవై ఐదు వేలు పరిహారం ఇమ్మన్నారు. ఆ తీర్పు తెచ్చింది కూలీల సంఘం అని మరవొద్దు.

కాబట్టి ఊళ్ళకు పోయి చెయ్యాల్సినవి ఇవి. రోగిని తీసుకుపోగానే ఏం జరిగిందో, ఏ టైముకి జరిగిందో నర్సుకి రెండు ముక్కల్లో చెప్పాలి. రంగేమిటని అడగాలి. మనిషి తీరు మారితే, రెప్ప వాలినా, మాట తడబడినా, వెంటనే ఇంకోసారి చూడమనాలి. చూడకపోతే ఇన్‌చార్జి పేరడిగి, టైము రాసుకోవాలి. నర్సు మీద చెయ్యెత్తకూడదు, ఎత్తనివ్వకూడదు. ప్రతి పెద్దాసుపత్రి గుమ్మంలో మూడు షిఫ్టులా ట్రయేజ్ నర్సు ఉండాలని, ఖాళీలు పర్మినెంటుగా నింపాలని, నర్సులతో కలిసి, ఊడ్చేవాళ్ళతో కలిసి కలెక్టరాఫీసు ముందు కూచోవాలి.

ఎరుపు రంగుకి కులం లేదు. అది ఎవరికి కడుతున్నారో, ఎవరికి కట్టడం లేదో కాపు కాద్దాం.