న్యాయమూర్తి ఫ్లోరెన్స్ అలెన్
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 33 సంవత్సరాలు కోర్టు ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. శిరస్తదారు కాకుండానే రిటైరయ్యాను. ఆ బాధతో నేను కుమిలిపోవడమే కాక, ఇంట్లో వాళ్ళకూ మనశ్శాంతి లేకుండా చేశాను. ఆ రోజుల్లోనే ఫ్లోరెన్స్ అలెన్ అనే అమెరికా న్యాయమూర్తి గురించి చదివాను. ఆ సంగతులు మీకు మనవి చేస్తాను.

ఆమె 1884లో జన్మించారు. పియానో విద్వాంసురాలు కావాలని జర్మనీలోని బెర్లిన్ వెళ్ళి సాధన చేశారు. నరాలు దెబ్బతినడంతో ఆ కోరిక తీరలేదు. స్వదేశం వచ్చి పత్రికలో సంగీత సమీక్షలు వ్రాశారు. ఆ తర్వాత న్యాయశాస్త్రం చదివి 1913లో పట్టా పుచ్చుకున్నారు. స్త్రీల ఓటు హక్కు కోసం ఒహాయో రాష్ట్రంలో ఊరూరా తిరిగారు.

ఒహాయోలో న్యాయమూర్తులను ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. 1920లో అమెరికా అంతటా స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. ఆ సంవత్సరమే ఆమె క్లీవ్‌లాండ్‌లో జడ్జిగా గెలిచారు. విడాకుల కేసులన్నీ ఆమెకే అప్పగిద్దామని తోటి జడ్జీలు అన్నారట. "నాకు పెళ్ళే కాలేదు, ఆ కేసులు పెళ్ళయిన మీరే చూడండి" అన్న ధోరణిలో ఆమె నిరాకరించారు. హత్య కేసులు సైతం విచారించారు. 1922లో ఒహాయో సుప్రీంకోర్టుకు ఎన్నికయ్యారు. ఒక రాష్ట్ర సుప్రీంకోర్టుకు ప్రజలు ఎన్నుకున్న మొదటి మహిళ ఆమే. 1928లో మళ్ళీ గెలిచారు. 1934లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆమెను ఫెడరల్ అప్పీలు కోర్టులో నియమించారు.

దేశ సుప్రీంకోర్టుకు ఆమె పేరు పలుమార్లు వినిపించింది గానీ ఆ పదవి రాలేదు. అక్కడ మొదటి మహిళ నియమితురాలైనది 1981లో. అప్పటికి ఈమె కన్నుమూసి 15 ఏళ్ళయింది.

అయినా ఆమె పని ఆపలేదు. 1958లో తమ అప్పీలు కోర్టుకే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 75వ ఏట, 1959లో, పూర్తి బాధ్యతల నుండి తప్పుకున్నారు. ఆ సంవత్సరమే మన దేశంలో అన్నా చాందీ గారు కేరళ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. మన హైకోర్టులలో మొదటి మహిళా న్యాయమూర్తి ఆవిడే. 1965లో, ఎనభై దాటిన వయసులో, అలెన్ గారు ఆత్మకథ ప్రచురించారు.

ఇదంతా చదివాక నాకు సిగ్గు వేసింది. మరునాడే మన సంఘం ఆఫీసుకు వచ్చాను. ఇప్పుడు ప్రతి మంగళవారం ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తులు వ్రాసిపెడుతున్నాను. మొదటి పెన్షన్ అందుకున్న ఒక అక్కగారు వచ్చి చేతిలో అరటిపండు పెట్టి వెళ్ళారు. శిరస్తదారు కుర్చీ సంగతి ఆ రోజుతో మరచిపోయాను.

మీలోనూ నాలాంటి వారుంటే మంగళవారం రండి. పని చాలా ఉంది. సెలవు.