చల్లదనము మానిన ఫ్రీజరు



ఖమ్మము నుండి భద్రాచలము పోవు దారిలో కొత్తగూడెము దాటిన పిమ్మట అడవి దగ్గరపడును. ఆ అడవి అంచు పల్లెలలో చేపలు, కోడిమాంసము అమ్ముకొనువారి యంగళ్లలో నేడు బీరువావలె నిలిచియుండు ఫ్రీజరు కానవచ్చుచున్నది. క్రొత్తది కొనుటకు సొమ్ము చాలనివారు, పట్టణములో ఒకరు వాడి విడిచినదానిని తక్కువ వెలకు తెచ్చుకొందురు. అట్టిది ఒకనాడు చల్లదనము మానినచో లోని సరకుతోపాటు ఆ కుటుంబపు పెట్టుబడియు కరగిపోవును. అప్పుడు వారు సలహాకై వచ్చునది మీవంటి పెద్దల యొద్దకే గనుక ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

చల్లదనము తగ్గగానే “గ్యాసు అయిపోయినది” అనుట మనలో వాడుక. నా అభిప్రాయములో గ్యాసు మాట చిట్టచివర రావలసినది. అది ఏలనో చెప్పెదను.

మట్టికుండలోని నీరు చల్లబడుటకు కారణ మేమి? కుండ చెమర్చును, ఆ చెమ్మ ఆవిరియగుచు నీటిలోని వేడిని తీసికొనిపోవును. ఫ్రీజరు చేయు పనియు ఇట్టిదే. లోపలి గొట్టములలో ద్రవము ఆవిరియగుచు వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ ఆవిరిని అణచి బయటి గొట్టములలోనికి నెట్టును. అచ్చట వేడిని విడిచి అది మరల ద్రవమగును. కుండలో నీరు తరుగును గాని, ఫ్రీజరు గొట్టములు అన్నివైపుల మూతబడియున్నవి గనుక గ్యాసు వాడుకవలన తరుగదు. తరిగినచో ఎక్కడనో చిల్లి పడినదని అర్థము.

కావున మొదట కరెంటును పరీక్షింపవలెను. యంత్రము చప్పుడు చేయనిచో అదే ప్లగ్గులో మరియొక దీపమును వెలిగించి చూడవలెను. కంప్రెసరు గుర్రుమని, కొంతసేపటికి టిక్కుమని ఆగి, మరల అట్లే చేయుచున్నచో వెంటనే ఆపివేయవలెను. 230 వోల్టులు ఉండవలసినచోట మిక్కిలి తగ్గినచో అది తిరుగలేక వేడెక్కి కాలిపోవును. వోల్టేజి సరిగా నున్నను టిక్కుమనుట మాననిచో, కంప్రెసరును ఆనుకొనియుండు రిలేను మార్పించి చూడవచ్చును. అది చిన్న ఖర్చే.

యంత్రము తిరుగుచున్నను చల్లబడనిచో, వేడి బయటికి పోవు దారిని చూడవలెను. వెనుక గొట్టములున్న రకమైనచో ప్లగ్గు తీసి, వాటిపైని దుమ్మును కుంచెతో దులిపి, గోడకు జానెడు దూరముగా జరుపవలెను. కొన్నిటిలో ఈ గొట్టములు ప్రక్కరేకుల లోపల నుండును. వాటికి ఇరుప్రక్కల గాలి తగులవలెను. మన వేసవిలో ఎండ 45 డిగ్రీల చేరువకు వచ్చినపుడు ఈ చిన్న పనియే ప్రాణప్రదము.

తరువాత తలుపు. కాగితపు ముక్కను తలుపు సందున నుంచి మూసి లాగవలెను. అది బిగి లేక జారివచ్చినచోట రబ్బరు పట్టీ వదులైనదని తెలియును. గోరువెచ్చని నీటితో తుడిచినను బిగియనిచో పట్టీ మార్పింపవలెను.

పిదప మంచు. అరలపై అంగుళమంత మంచు పేరుకొన్నచో అది చల్లదనమునకు అడ్డుగోడ యగును. ఫ్రీజరును ఆపి, తలుపు తెరచి, తానై కరగనీయవలెను. కత్తితో గీకరాదు, గొట్టము తెగినచో గ్యాసు అంతయు పోవును. ఫ్యానుతో పనిచేయు రకములో, ఒకదినము ఆపి మంచు కరగించిన తరువాత కొన్నాళ్లు బాగుగా నడచి మరల మందగించినచో, మంచును కరగించు హీటరుగాని, దానిని నడపు టైమరుగాని చెడినదని ఊహింపవచ్చును.

ఇవన్నియు సరిగా నుండి, కంప్రెసరు విడువక తిరుగుచు, లోపలి గొట్టముపై మొదట కొంతమేర మాత్రమే మంచు పట్టి తక్కినది పొడిగా నున్నచో, అప్పుడు గ్యాసును అనుమానింపవలెను. చిల్లి మూయక గ్యాసు నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే. పూర్వము వాడిన గ్యాసు, ఆకాశమున మనలను కాపాడు ఓజోను పొరకు హానికరమని తేలి, 1987 నాటి మాంట్రియలు ఒప్పందముచే తొలగింపబడినది. నేడు పెక్కు ఫ్రీజర్లలో నుండు ఐసోబ్యూటేను మండు గుణము గలది. పొయ్యి చెంత దానిని విప్పనీయకుడు. పని తెలిసినవానినే పిలువుడు.

పాతదానిని కొనువారు వెల చెల్లించుటకు ముందు ఒకరాత్రి నడిపించి చూడవలెను. బండిలో నిలువుగా తేవలెను. పరుండబెట్టి తెచ్చినచో ఒకదినము నిలిపియుంచి గాని కరెంటు ఇయ్యరాదు. వరదలో మునిగినదా యని అడుగుట మరువరాదు. భద్రాచలమువద్ద గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు పొంగినది. 43 అడుగులకే అచ్చట మొదటి హెచ్చరిక. మునిగిన యంత్రమునకు, పని తెలిసినవాడు పరీక్షింపక, కరెంటు ఇచ్చుట ప్రాణాపాయము.

వరదకో గాలివానకో కరెంటు పోయినపుడు తలుపు తెరువకున్నచో నిండు ఫ్రీజరు సుమారు రెండుదినములు, సగము నిండినది ఒకదినము చల్లదనమును నిలుపును. ఇంట లేనపుడు ఏమి జరిగినదో తెలియుటకు ఒక ఉపాయము కలదు. గ్లాసులో నీటిని గడ్డకట్టించి, పైన రూపాయిబిళ్ల నుంచుడు. తిరిగివచ్చినపుడు బిళ్ల గ్లాసు అడుగున నున్నచో, నీరు కరగి మరల గడ్డకట్టినదన్నమాట. ఆ సరకు పైకి గట్టిగా నున్నను, వాసన రాకున్నను, అమ్మదగినది కాదు.

చేతికందిన సరకును పారవేయుమని చిన్న వర్తకునితో చెప్పుట కష్టమే. కాని ఆ చేప రేపు మరియొకరి కంచములోనికి పోవును. తినువాడు దాని సంగతి ఎరుగడు. ఆ కఠినమైన మాట పరాయివాడు చెప్పిన చెల్లదు. ఊరి పెద్దలు చెప్పిన చెల్లును. సెలవు.