నిష్పాక్షికత పరీక్ష మనకేనా?

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నా పరిశోధన ప్రతిపాదన మీద చర్చ జరిగిన రోజు నాకు ఎదురైన మొదటి ప్రశ్న: "మీరూ ఆ వాడ నుంచే వచ్చారు కదా, నిష్పాక్షికంగా ఎలా రాస్తారు?" అంతకుముందే అగ్రకుల మిత్రుడొకరు తన సొంత ఊరి మీద ప్రతిపాదన చదివారు. ఆయన్ను ఎవరూ ఆ మాట అడగలేదు.

ప్రశ్న తప్పు కాదు, ఒకరినే అడగడం తప్పు. ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపుర గ్రామంలో క్షేత్ర పరిశోధన చేశారు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన విశ్లేషణ నోట్స్ కాలిపోయాయి. జ్ఞాపకమే ప్రధాన ఆధారంగా రాసిన 'ది రిమెంబర్డ్ విలేజ్' 1976లో వచ్చి ప్రామాణిక గ్రంథమైంది. తాను ఊరిని పైకులాల వైపు నుంచి చూశానని ఆయనే ఒప్పుకున్నారు.

అలాగని మన పుట్టుకే మనకు రుజువు కాదు. అది వాడలో తలుపులు తెరుస్తుంది, అంతే. గుణాత్మక పరిశోధనకు లింకన్, గూబా 1985లో చెప్పిన ప్రమాణాల్లో ఒకటి, మన నిర్ధారణకు ఎలా వచ్చామో ఇతరులు సరిచూడగలగడం.

ఆచరణలో ఇది ఎలా ఉంటుంది? హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి అడిగితే ఒక పెద్దాయన "ఇప్పుడవేం లేవు బాబూ" అన్నాడు. పక్కన ఆయన పనిచేసే ఆసామి ఉన్నాడు. మర్నాడు పొలం గట్టు మీద వేరే మాట చెప్పాడు. రెండు మాటలూ, ఎవరి ఎదుట అన్నాడన్నదీ నోట్స్‌లో ఉండాలి. లేకపోతే నాకు నచ్చిన మాటను ఏరుకున్నట్టే.

ఇంకో ఊళ్లో ఒకామె రెండు గ్లాసులు నిజంగానే పోయాయంది. నా వాదనకు అడ్డొచ్చిన ఆ మాటను వదిలేయాలనిపించింది. వదలకుండా వెళ్లి చూస్తే, అందరికీ డిస్పోజబుల్ గ్లాసులే. అప్పుడు నా ప్రశ్న మారింది: పోయింది గ్లాసా, దూరమా? బెంచీ మీద ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు నిలబడి తాగుతున్నారో రాయడం మొదలుపెట్టాను.

1916 మే 9న, కొలంబియాలో, పాతికేళ్ల అంబేద్కర్ కులం మీద పత్రం చదివారు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేట్కర్ నిర్వచనాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. చివర్లో, తన సిద్ధాంతం నిలవదని తేలితే వదులుకోవడానికి సిద్ధమన్నారు. కులం బాధ తెలిసిన మనిషే ఆ మాట అన్నారు.

మన నోట్స్ తెరిచి చూపిద్దాం. వాళ్ల నోట్స్ కూడా అడుగుదాం.

జై భీమ్.